వెనక తలుపూ, తొమ్మిదో నంబరు బస్సూ

ఆ రోజు పొద్దున కంట్రోలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్టాండు వెనక తలుపుకున్న తాళం కప్పను ఇవాళ తీయించాలి, రేపు మళ్ళీ వేయించాలి. ఇంత చిన్న పని కూడా జరగకపోతే ఇక సర్కారులో ఏ పని జరుగుతుందని అతను ధీమాగా ఉన్నాడు. ఆ ధీమాతోనే రెండు గ్లాసుల్లో టీ పోసి, రాత్రి డ్యూటీ ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చిన భార్య ముందు ఒకటి పెట్టాడు.

ఆమె ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు. చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి గ్లాసు అందుకుంది.

"ఇవాళేనా మీ తనిఖీ?"

"ఇవాళ తలుపు సారు. రేపు తాళం సారు."

"ఇద్దరూ కలిసి ఊడిపడరు కదా?"

"కలిసి ఎందుకొస్తారు? ఒకరి ఫైలు ఇంకొకరి బల్ల మీదికి పోవాలంటేనే ఆరునెలలు పడుతుంది. అలాంటిది మనుషులు కలిసి ఎలా వస్తారు?"

తలుపు సారు, తాళం సారు అనేవి బస్టాండు సిబ్బంది పెట్టుకున్న పేర్లు. సర్కారు ఆ మధ్య కొత్త రవాణా విధానం తెచ్చింది. అందులో ప్రమాద నివారణ విభాగం ఒక ఉత్తర్వు వేసింది. నిప్పంటుకుంటే జనం బయటపడాలి కాబట్టి బస్టాండు వెనక తలుపు ఎప్పుడు తోసినా తెరుచుకోవాలి, దానికి తాళం ఉండరాదు. రక్షణ విభాగం ఇంకో ఉత్తర్వు వేసింది. దొంగలూ దుండగులూ చొరబడకుండా ఆ తలుపుకు ఎప్పుడూ తాళం ఉండాలి. రెండు ఉత్తర్వులూ ఒకే కవర్లో వచ్చాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏం చెయ్యాలో చెప్పమని కంట్రోలరు పైకి రాస్తే, "రెండింటినీ తు.చ. తప్పక పాటించవలెను" అని జవాబొచ్చింది.

పాటించకపోతే ఏమవుతుందో కూడా ఆ విధానంలోనే ఉంది. ఇద్దరు అధికారులూ సంతకాలు పెట్టిన బస్టాండుకే నిధులు. ఒక్క సంతకం తగ్గినా బస్టాండును మూసి, దూరాన ఉన్న పెద్ద బస్టాండులో కలిపేస్తారు. సిబ్బందిని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి విసిరేస్తారు.

కంట్రోలరు భయమంతా ఆ విసిరేయడం గురించే. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు అతనొక ఊళ్ళో, ఆమె ఒక ఊళ్ళో ఉద్యోగాలు చేశారు. కాపురమంతా ఫోన్లోనే నడిచింది. కాళ్ళరిగేలా తిరిగితే పోయినేడాదికి గానీ ఇద్దరికీ ఒకే ఊరు దొరకలేదు. దొరికాక, ఫోన్లో తెలియని సంగతులు అతనికి చాలా తెలిశాయి. ఆమె నిద్రలో మందుల పేర్లు పలవరిస్తుంది. అల్మరా తలుపు సరిగ్గా పడకపోతే దాన్ని మనిషిని తిట్టినట్టు తిడుతుంది. అన్నం తింటూ కాళ్ళూపుతుంది. ఇవన్నీ వదులుకుని మళ్ళీ ఫోను పట్టుకు కూర్చోవడం తన వల్ల కాదని అతను ఎప్పుడో తేల్చుకున్నాడు.

"సంతకాలు పడతాయంటారా?" అంది ఆమె.

"తాళం తీసినప్పుడు ఆయన పెడతాడు, వేసినప్పుడు ఈయన పెడతాడు. పోయేదేముంది?"

"నాకెందుకో మీరింత ధైర్యంగా మాట్లాడితేనే భయమేస్తుందండీ," అని ఆమె పడుకోవడానికి వెళ్ళింది.

బస్టాండు పెద్దదేమీ కాదు. ముందు ఒక హాలు, హాల్లో ఒక మూల విచారణ కౌంటరు, పక్కన నాలుగు ప్లాట్‌ఫారాలు. హాలు వెనక సామాను గది. ఆ గది చివర ఈ మహా తలుపు. తలుపు అవతల ఖాళీ జాగా, అరిగిపోయిన టైర్లు, తుప్పుపట్టిన నీళ్ళ ట్యాంకు. ఆ టైర్లను ఎత్తుకుపోయే దొంగ గానీ, ఆ జాగాలోకి పరుగెత్తే జనం గానీ ఇంతవరకు తగల్లేదు. అయినా ఉత్తర్వు ఉత్తర్వే.

కంట్రోలరు వచ్చేసరికి సామాను గది పోర్టరు తాళం కప్ప తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. అతన్ని అందరూ నిదానం అంటారు. చెప్పిన పని తప్పకుండా చేస్తాడు, చెప్పని పని చచ్చినా చెయ్యడు, ఏది చేసినా తీరిగ్గా చేస్తాడు.

అంతా సవ్యంగా ఉందనుకుంటూ కంట్రోలరు ముందుకొచ్చాడో లేదో, గేట్లో జీపు ఆగింది. ముందు తలుపులోంచి సన్నగా పొడుగ్గా ఒకాయన దిగాడు. దిగుతూనే గేటును చేత్తో తోసి చూశాడు. ఆయనే తలుపు సారు. వెనక తలుపులోంచి లావుగా పొట్టిగా ఇంకొకాయన దిగాడు. ఆయన దిగుతూనే అదే గేటు గొళ్ళేన్ని పట్టి లాగి చూశాడు. కంట్రోలరు పరుగున గేటు దగ్గరికి వెళ్ళాడు.

"తాళం... అదే, మీరు రేపు కదండీ రావలసింది?"

"రేపే. కానీ ఖర్చు తగ్గించమని ఆర్థిక శాఖ ఉత్తర్వొచ్చింది. ఒకే దారిన పోయే అధికారులంతా ఒకే బండిలో పోవాలట," అన్నాడు తాళం సారు.

"పైగా మాకు ఇబ్బందేముంది? మేమిద్దరం వియ్యంకులం," అన్నాడు తలుపు సారు. "మా అమ్మాయిని బావగారి అబ్బాయికే ఇచ్చాం."

"పోయిన నెలలోనే," అన్నాడు తాళం సారు. "రండి బావగారూ, ముందు మీరు."

"అయ్యో, మీరుండగా నేనా? మీరు పదండి బావగారూ."

ఇద్దరూ గేటు దగ్గరే నిలబడి ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. వెనక ఒక బస్సు హారన్ కొట్టీ కొట్టీ ఊరుకుంది. ఆ మర్యాదల పుణ్యమా అని కంట్రోలరుకు ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి దొరికింది.

ఇద్దర్నీ విడదీసి, ఒకరి తరవాత ఒకర్ని వెనక తలుపు దగ్గరికి పంపాలి. తలుపు సారు వెళ్ళేటప్పుడు తాళం ఉండకూడదు, తాళం సారు వెళ్ళేటప్పుడు ఉండాలి. ఎప్పుడు ఎవరు వస్తున్నారో నిదానానికి తెలియాలి. ఫోన్ చేద్దామంటే సామాను గదిలో ఫోన్ వాడరాదని ఇంకో ఉత్తర్వు ఉంది, నిదానం దాన్ని పాటిస్తాడు. ఆ గదిలో వినబడేది ఒక్కటే, మైకు.

మంచినీళ్ళు తెస్తానని చెప్పి కంట్రోలరు కౌంటరుకు పరుగెత్తాడు. కౌంటర్లో కూర్చునే ఆవిడను ప్రయాణికులు మైకమ్మ అంటారు. కంట్రోలరుకన్నా వయసులో పెద్దది.

"అక్కా, ఒక సాయం చెయ్యాలి. నేను జేబురుమాలుతో మొహం తుడుచుకుంటే తొమ్మిదో నంబరు బస్సు వస్తోందని చెప్పండి. కళ్ళజోడు తీస్తే వెళ్ళిపోయిందని చెప్పండి."

"తొమ్మిదో నంబరును తీసేసి ఎన్నేళ్ళయిందండీ? నిధుల్లేవని ఆపేశారుగా."

"అందుకే. ఎవరూ ఎక్కడానికి లేవరు."

"లేని బస్సు వస్తోందని ఎలా చెప్పమంటారు?"

"ఉన్న బస్సులు వస్తున్నాయని రోజూ చెబుతున్నాం. అవి మాత్రం వస్తున్నాయా?"

మైకమ్మకు ఆ మాట న్యాయంగా తోచింది. తల ఊపింది. కంట్రోలరు అక్కణ్ణుంచి సామాను గదికి పోయాడు.

"ఒరేయ్ నిదానం, జాగ్రత్తగా విను. తొమ్మిదో నంబరు వస్తోందని మైకులో అంటే తాళం తీసెయ్. వెళ్ళిపోయిందంటే వేసెయ్. అర్థమైందా?"

"వస్తే తియ్యాలి. పోతే వెయ్యాలి."

"అంతే."

"ఇంకేమైనా అంటే?"

"ఇంకేమీ అనరు."

ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, తాళం సారును టికెట్ల గదిలో కిటికీ ఊచలు చూడమని కూర్చోబెట్టి, కంట్రోలరు తలుపు సారును వెంటపెట్టుకుని హాల్లోకొచ్చాడు. జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. తొమ్మిదో నంబరు బస్సు మరికాసేపట్లో వెనక జాగాకు వచ్చును," అంది మైకు.

వెనక జాగా అనే మాట మైకమ్మ సొంతంగా కలిపింది. పాతరోజుల్లో ఆ బస్సు అక్కణ్ణుంచే బయల్దేరేది. ఏళ్ళతరబడి చెప్పిన అలవాటు నోట్లోంచి అలా వచ్చేసింది. సరే, వచ్చినా ఫరవాలేదనుకున్నాడు కంట్రోలరు. హాల్లో బెంచీ మీద గొడుగు పట్టుకుని కునుకుతున్న పెద్దాయన ఒకరు కళ్ళు తెరిచారు.

సామాను గది గుమ్మం దాకా వెళ్ళి తలుపు సారు ఆగిపోయాడు.

"బావగారు రాకుండా నేనొక్కణ్ణే చూసేస్తే బాగుండదు. చిన్నతనం చేశానంటారు."

"ఆయన పని వేరు, మీ పని వేరు కదండీ."

"పనిది ఏముందయ్యా, పిల్లనిచ్చినవాళ్ళం. ఒకసారి అడిగి వస్తా," అని ఆయన టికెట్ల గదివైపు తిరిగాడు.

ఈలోగా గొడుగు పెద్దాయన కౌంటరు దగ్గర చేరాడు.

"ఏమమ్మా, తొమ్మిదో నంబరు మళ్ళీ వేశారా?"

అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. మైకమ్మ సర్వీసంతా ఆ కౌంటర్లోనే గడిచింది. లేదని చెబితే మరి మైకులో ఎందుకన్నావంటాడు. ఉందంటే ఎక్కడంటాడు. ఆవిడ ఎటూ చిక్కని జవాబే చెప్పింది.

"మైకులో విన్నారుగా."

పెద్దాయనకు అది చాలు. ఫోను తీసి తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు వాళ్ళ వీధికి చెప్పాడు. ఆ బస్సు పోయే దారిలో ఉన్న పల్లెలకు అరగంటలో కబురు పాకింది. ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టెయ్యమన్నట్టు, ఏ బస్సు, ఎప్పుడు వేశారు అని ఆలోచించినవాడు ఒక్కడూ లేడు.

టికెట్ల గదిలో వియ్యంకులిద్దరూ మళ్ళీ మర్యాదల్లో పడ్డారు. చివరికి తాళం సారే లేచి, "మీరు అంతగా అంటే నేనే ముందు చూసొస్తా బావగారూ," అన్నాడు. కంట్రోలరు గబుక్కున హాల్లోకొచ్చి కళ్ళజోడు తీశాడు.

"తొమ్మిదో నంబరు బస్సు బయలుదేరి వెళ్ళిపోయినది."

అప్పటికే హాల్లో సామాను గదివైపు వరసలో నిలబడ్డ జనం ఘొల్లుమన్నారు. కళ్ళముందు నుంచి ఎలా పోయిందంటూ కౌంటరు మీదికొచ్చారు. కంట్రోలరుకు ముచ్చెమటలు పోశాయి. చెమట పోస్తే మనిషి ఏం చేస్తాడు? అతనూ అదే చేశాడు. జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"తొమ్మిదో నంబరు బస్సు మరికాసేపట్లో వచ్చును," అంది మైకు తడుముకోకుండా.

జనం చప్పట్లు కొట్టారు. సామాను గదిలో నిదానం అప్పుడే వేసిన తాళాన్ని తీరిగ్గా తీశాడు. అటు వెళ్తున్న తాళం సారుకు ఎదురుగా జనం రావడంతో ఆయన గోడకు ఒత్తుకుని ఆగిపోయాడు. తాళం లేని తలుపును ఆయన చూస్తాడేమోనని కంట్రోలరు మళ్ళీ కళ్ళజోడు తీశాడు. బస్సు పోయింది. జనం మళ్ళీ కౌంటరు మీద పడ్డారు. చెమట కళ్ళలోకి కారింది. ఈసారి తుడుచుకోకూడదని పళ్ళు బిగపట్టి నిలబడ్డాడు గానీ కళ్ళు మండి తాళలేకపోయాడు. బస్సు వచ్చింది. ఇట్లా ఆ పూట తొమ్మిదో నంబరు ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. నిజంగా నడిచిన రోజుల్లో కూడా అన్ని ట్రిప్పులు వేసిన పాపాన పోలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా వార్డు మెంబరు దిగాడు. వెంట నలుగురు మనుషులు, ఒక ఫోటోగ్రాఫరు, ఒక పెద్ద ఫ్లెక్సీ. ఎన్నికలప్పుడు వేయించి కారు డిక్కీలో పడేసిన ఫ్లెక్సీ అది. తొమ్మిదో నంబరు బస్సు తెస్తామని రాసి ఉన్నచోట, తెచ్చామని కొత్త కాగితం అంటించి ఉంది. జిగురింకా ఆరలేదు.

"ఎవరయ్యా ఇక్కడ కంట్రోలరు?" అన్నాడు మెంబరు. "నా కష్టం ఫలించింది. బస్సేది?"

"వస్తుందండీ."

"ఫోటోగ్రాఫరుకు ఇంకో చోట పెళ్ళి ఉంది. తొందరగా రమ్మను."

జనం హాలు దాటి రోడ్డు మీదికి పెరిగారు. సగంమంది వెనక జాగాలో బస్సుందని అటు తోసుకుంటున్నారు, సగంమంది పోయిందని ఇటు తోసుకుంటున్నారు. కౌంటరు అద్దం మీద చేతులు టపటపా పడుతున్నాయి. మైకమ్మ కంట్రోలరు కోసం చూసింది. అతను రెండు వరసల మధ్య నలుగుతున్నాడు. ఒక చేతిలో జేబురుమాలు, ఒక చేతిలో కళ్ళజోడు. తుడుచుకుంటున్నాడో తీస్తున్నాడో ఆవిడకు అంతుపట్టలేదు. బస్సు వస్తోందంటే ఏదని కొట్టేలా ఉన్నారు, పోయిందంటే చంపేలా ఉన్నారు. సర్వీసంతా తనను కాపాడిన మాట ఒకటి ఆవిడకు గుర్తొచ్చింది.

"తొమ్మిదో నంబరు బస్సు ఆలస్యముగా నడుచుచున్నది."

ఆ మాటకు హాలు ఒక్కసారి చల్లబడింది. ఆలస్యమంటే జనానికి అలవాటైన సంగతి. బస్సు నిజంగానే ఉందని అందరికీ అప్పుడు నమ్మకం కుదిరింది.

కంట్రోలరుకు మాత్రం కొత్త చిక్కు వచ్చిపడింది. ఆలస్యమంటే ఏం చెయ్యాలో నిదానానికి తను చెప్పలేదు. తాళం తీశాడా, వేశాడా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంతలో జనం ఒక్క అల లేచినట్టు కదిలారు. వియ్యంకులిద్దరూ పక్కపక్కనే ఆ తోపులాటలో సామాను గదిలోకి కొట్టుకుపోయారు. విడదీయడానికి ఇక వీల్లేదు. తాళం ఉంటే తలుపు సారు సంతకం పోతుంది, లేకపోతే తాళం సారు సంతకం పోతుంది. ఎటు తిరిగినా బస్టాండు పోతుంది. ఇంట్లో నిద్రపోతున్న మనిషి అతనికి గుర్తొచ్చింది. ఏ ఊరికి విసిరేస్తారో, ఎన్నేళ్ళకు మళ్ళీ ఆమె పలవరింతలు వింటాడో అనుకుంటూ జనం వెనకాలే పడి పోయాడు.

తలుపు కనబడగానే తాళం సారు చెయ్యెత్తి చూపించాడు.

"తాళం ఉంది. చూశారా బావగారూ, నిక్షేపంగా ఉంది."

ఉంది. గొళ్ళేనికి తాళం కప్ప వేలాడుతోంది. కంట్రోలరు కళ్ళు మూసుకున్నాడు. తలుపు సారు సంతకం పోయినట్టే.

అదే సమయంలో వెనక నుంచి జనం తోశారు. తలుపు సారు వెళ్ళి తలుపుకు కొట్టుకున్నాడు. అలవాటు ప్రకారం రెండు చేతులతో తోశాడు. గొళ్ళెం జారింది, తాళం కప్ప కిందపడింది, తలుపు బార్లా తెరుచుకుంది. అధికారులు, గొడుగు పెద్దాయన, మెంబరు, ఫ్లెక్సీ, ఫోటోగ్రాఫరు అందరూ ఒక ముద్దగా వెనక జాగాలోకి వచ్చిపడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"తోస్తే తెరుచుకుంది," అన్నాడు తలుపు సారు చొక్కా దులుపుకుంటూ. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంతమంది ఒక్క క్షణంలో బయటపడ్డారు. ఎన్నో బస్టాండులు చూశాను, ఇలా ఎక్కడా చూడలేదు."

కంట్రోలరు నిదానాన్ని పక్కకు లాగాడు.

"ఏం చేశావురా?"

"వస్తే తియ్యమన్నారు, పోతే వెయ్యమన్నారు. ఆలస్యమంటే రానూ లేదు, పోనూ లేదు. అందుకని కప్పను తగిలించి నొక్కకుండా వదిలేశా. తప్పా?"

కంట్రోలరు అతని భుజం తట్టాడు.

ఇక మిగిలింది తాళం సారు. తాళం వేసిన తలుపు తోస్తే ఎలా తెరుచుకుందని ఆయన అడగక మానడు. అడగాలనే ఆయన నోరు తెరిచాడు. కానీ అప్పటికే తలుపు సారు పదిమందిలో ఆ తలుపును ఆకాశానికెత్తుతున్నాడు. పెళ్ళయి నెల తిరక్కుండా అమ్మాయి తండ్రిని అందరి ముందూ తప్పుపడితే ఇంటికెళ్ళాక కోడలికి ఏం సమాధానం చెప్పాలి, భార్యకు ఏం సమాధానం చెప్పాలి? ఆయన నోరు మూసుకుని కిందపడ్డ కప్పను తీశాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను వచ్చినప్పుడు తాళం ఉంది," అన్నాడు చివరికి. "నాకు కావలసింది అంతే."

ఇద్దరూ జీపు బానెట్టు మీద కాగితాలు పరిచి సంతకాలు పెట్టారు. ముందు ఎవరు పెట్టాలనే దగ్గర కాస్త ఆలస్యమయింది.

అయితే జనం మాత్రం కదల్లేదు. బస్సేదని మెంబరును అడిగారు. మెంబరు కంట్రోలరును అడిగాడు. కంట్రోలరు అధికారుల మొహం చూశాడు. ఇంతమంది రోడ్డు మీదుంటే ప్రమాదమని తలుపు సారు అన్నాడు. ఇంతమంది బస్టాండులో ఉంటే రక్షణకు ముప్పని తాళం సారు అన్నాడు. ఆ రెండు విభాగాలూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఇద్దరూ కలిసి పై అధికారికి ఫోన్ చేశారు. పై అధికారికి వాళ్ళ మాటలు సరిగ్గా వినబడలేదు గానీ వెనక జనం అరుపులు చక్కగా వినబడ్డాయి.

"వచ్చే సోమవారం నుంచి వేస్తున్నామని చెప్పండి," అన్నాడాయన. "ముందు ఆ గోల ఆపండి."

మైకమ్మ ఆ సంగతి ప్రకటించింది. ఆ పూట ఆవిడ చెప్పిన మాటల్లో నిజమైంది అదొక్కటే. ఫోటోగ్రాఫరు ఖాళీ జాగా ముందు మెంబరును నిలబెట్టి ఫోటో తీసి పెళ్ళికి పోయాడు. కొత్త బస్సు బయల్దేరే చోటును మూయడానికి విధానం ఒప్పుకోదట. బస్టాండుకు ఇక భయం లేదని తలుపు సారు వెళ్తూ వెళ్తూ చెప్పాడు.

ఆ సాయంత్రం కంట్రోలరు ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. జేబురుమాలు, కళ్ళజోడు తీసి చేసి చూపించాడు కూడా. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటే, "అదిగో, బస్సొచ్చింది," అన్నాడతను. ఇద్దరూ మళ్ళీ నవ్వారు. అలాంటి నవ్వు ఫోన్లో ఎప్పుడూ రాలేదు. అన్నం తింటూ ఆమె కాళ్ళూపుతుంటే అతను తన కంచంలోది మరిచిపోయి చూస్తూ కూర్చున్నాడు. ఇక ఈ మనిషిని వదిలి ఎక్కడికీ పోనక్కర్లేదు.

నాలుగు రోజులు గడిచాక ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చుంది. టీ ఇచ్చినా తీసుకోలేదు.

"ఏమైంది?"

"తొమ్మిదో నంబరు ఆఖరి స్టాపు దగ్గర ఆరోగ్య కేంద్రం ఒకటుందట. కట్టి చాలా ఏళ్ళయిందట. దారీ తెన్నూ లేదని ఇన్నాళ్ళూ అక్కడికి నర్సును వెయ్యలేదు."

"అయితే?"

"ఇప్పుడు బస్సు పడిందిగా. సోమవారం నుంచి నన్ను వేశారు."

కంట్రోలరు నేలమీద కూర్చుండిపోయాడు.

"రోజూ వెళ్ళి రావచ్చేమో," అన్నాడు మెల్లిగా.

"నిధులు చాలక బస్సును సోమవారం, శనివారం మాత్రమే వేస్తున్నారట. మీకు తెలియదా?"

అతనికి తెలుసు. ఆ పట్టిక గోడకు అంటించింది అతనే.

"నేనే కదా వేయించాను," అన్నాడు.

"మీరు కాదులెండి, మీ చెమట," అంది ఆమె. నవ్వించాలని అన్నది గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. అతని పక్కకు వచ్చి నేలమీదే కూర్చుంది. చల్లారిన టీని ఇద్దరూ ఒకే గ్లాసులో తాగారు.

సోమవారం తొమ్మిదో నంబరు వచ్చింది. దాన్ని చూడడానికి ఆ రోజు వచ్చిన జనమంతా మళ్ళీ వచ్చారు. గొడుగు పెద్దాయన తమ్ముడి బండి మీద వచ్చాడు. పల్లెలవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద, ఆటోల్లో వచ్చారు. బస్సు చుట్టూ తిరిగారు, చక్రాలు తట్టి చూశారు, మా బస్సు మాకొచ్చిందని సంతోషించారు. సంతోషించి, వచ్చిన బండ్ల మీదే వెళ్ళిపోయారు. బస్సెక్కింది ఒక్క నర్సు. కంట్రోలరు ఆమె పెట్టెను కిటికీలోంచి అందించాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి బయటే ఉంది.

రెండు వారాలకే డిపో నుంచి కబురొచ్చింది. ఒక్క టికెట్టుతో నడిస్తే బస్సును తీసేస్తారట. తీసేస్తే ఆమె అక్కడే చిక్కుకుపోతుంది. దారి తెగిందని నర్సును వెనక్కి పిలిచే ఉత్తర్వు మాత్రం ఏ విధానంలోనూ లేదు, అతను వెతికి చూశాడు. అందుకని కంట్రోలరు తన వారపు సెలవును శనివారానికి మార్పించుకున్నాడు. ఆ రోజు పొద్దున ఆమెను తీసుకురావడానికి వెళ్తాడు, సాయంత్రం ఆమెతో వస్తాడు. సిబ్బంది పాసు మీద వెళ్తే లెక్కలోకి రాదు కాబట్టి, అటూ ఇటూ డబ్బిచ్చి టికెట్టు కొంటాడు.

ఆ ఏడాది చివర ప్రభుత్వం వెలువరించిన నివేదికలో, కొత్త విధానం వల్ల తొమ్మిదో నంబరు మార్గంలో ప్రయాణికుల సంఖ్య రెట్టింపయిందని రాశారు.